తగ్గని నెమ్ము: ఊపిరితిత్తుల్లో ఒక అరుదైన క్యాన్సర్, దాన్ని పట్టుకునే పద్ధతి

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో ఊళ్లలో ప్రాక్టీసు చేస్తున్న ఫిజీషియన్లున్నారు, ఛాతీ వైద్యులున్నారు, పీజీ విద్యార్థులున్నారు. వైద్యంతో సంబంధం లేకుండా ఆసక్తి కొద్దీ వచ్చినవాళ్లు కూడా వెనక వరసల్లో కనిపిస్తున్నారు. వాళ్లకోసం వీలైనంత మామూలు తెలుగులో మాట్లాడతాను. పీజీ పిల్లలు కాస్త ఓపిక పట్టాలి. మీకు కావలసిన మార్కర్ల గొడవ, అంటే కణం ఏ రకానిదో పట్టే రంగు పరీక్షల గొడవ, మధ్యలో వస్తుంది, అప్పుడు వెనక వరసలవాళ్లు ఓపిక పడతారు.

నేను పాథాలజిస్టును, అంటే ఒంట్లోంచి తీసిన ముక్కను మైక్రోస్కోపులో చూసి జబ్బేమిటో చెప్పే డాక్టర్ని. మాకు పేషెంటు మొహం తెలియదు. ఊపిరితిత్తిలోంచి తీసిన ముక్క, ఒక మిల్లీమీటరు మందం, సెంటీమీటరు పొడవు ఉంటే గొప్ప, అది ఒక చిన్న సీసాలో మా దగ్గరికి వస్తుంది. దాంతోపాటు ఒక ఫారం. ఆ ఫారంలో చాలాసార్లు పేరు, వయసు, 'ఊపిరితిత్తి బయాప్సీ' అన్న మాట తప్ప ఇంకేమీ ఉండదు. ఈ ఫారం సంగతి చివర్లో మాట్లాడుకుందాం.

ఇవాళ్టి విషయం ఇన్వేజివ్ మ్యూసినస్ అడినోకార్సినోమా. జిగురు తయారుచేసే కణాలతో వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది అడినోకార్సినోమా, అంటే గ్రంథుల్లాంటి కణాలతో వచ్చేది. అందులో నూటికి మూడు నుంచి పది దాకా ఈ రకం ఉంటుందని లెక్కలు. మన దేశంలో 2022లో కొత్తగా ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చినవాళ్లు 80 వేలకు పైనే అని అంచనా. అందులో ఈ రకం వాటా చిన్నదే. ఇంత చిన్న వాటా గురించి ఒక సాయంత్రమంతా ఎందుకంటే, ఇది క్యాన్సర్‌లా కనిపించదు. ఎక్స్‌రేలో నెమ్ములా ఉంటుంది. మైక్రోస్కోపులో చాలా చోట్ల మంచి కణాల్లా ఉంటుంది. రెండు దశల్లోనూ తప్పించుకోగల జబ్బు ఇది.

దీని ఫైళ్లు చాలావరకు ఒకే తీరుగా నడుస్తాయి. యాభై, అరవై ఏళ్ల మనిషి. ఆడవాళ్లు కావచ్చు, మగవాళ్లు కావచ్చు, బీడీ సిగరెట్టు ముట్టనివాళ్లు కూడా కావచ్చు. దగ్గు. మొదట ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూదిమందు, సిరప్పు. తగ్గకపోతే టౌనుకొచ్చి ఎక్స్‌రే. కుడి ఊపిరితిత్తి కింది భాగంలో తెల్లటి మచ్చ. 'నెమ్ము చేసింది' అంటారు. వారం రోజులు యాంటీబయాటిక్ వాడతారు. ఎక్స్‌రే మారదు. ఇంకో యాంటీబయాటిక్, ఈసారి ఖరీదైనది. అయినా మారదు. గళ్ల పరీక్షలో టీబీ క్రిములు లేవు. టీబీ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్ పరీక్ష కూడా నెగెటివ్. 'అయినా టీబీయే అయ్యుంటుంది, కోర్సు వేసి చూద్దాం.' నెల గడుస్తుంది, రెండు నెలలు గడుస్తాయి. మూత్రం ఎర్రగా వస్తుంది, అన్నం సయించదు, మచ్చ మాత్రం కొంచెం పెరుగుతుంది. ఆ తర్వాత ఎవరో ఒకరికి అనుమానం వచ్చి ముక్క తీయిస్తారు.

టీబీ మందులు మొదలుపెట్టడం తప్పని నేననను. ప్రపంచంలోని టీబీ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. ఇక్కడ తగ్గని మచ్చ చూసిన వైద్యుడికి ముందు టీబీ గుర్తుకు రాకపోతేనే ఆశ్చర్యపడాలి. క్రిమి దొరకని టీబీ కూడా నిజంగానే ఉంటుంది. నేను అడిగేది ఒక్కటే. క్రిమి దొరక్కుండా టీబీ మందు రాసిన చీటీ మీదే, ఫలానా రోజుకు మచ్చ తగ్గకపోతే ముక్క తీస్తాం అని తేదీ కూడా రాయండి. ఆ తేదీ పేషెంటుకు చెప్పండి. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ తేదీ ఎందుకు కావాలో చెప్పడానికే.

ముందు ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి గురించి రెండు మాటలు. గాలి గొట్టాలు చీలుతూ చీలుతూ చివరికి వాయుగోణులు అనే చిన్న చిన్న గదుల్లోకి వెళ్తాయి. అవి కోట్ల సంఖ్యలో ఉంటాయి. అన్నింటినీ పరిస్తే సుమారు 70 చదరపు మీటర్ల వైశాల్యం. ప్రతి గది గోడకూ రెండు రకాల కణాలుంటాయి. ఒకటి బాగా పలచగా పరుచుకుని గాలిని రక్తంలోకి పంపేది. రెండోది కాస్త గుండ్రంగా ఉండి, గది ముడుచుకుపోకుండా చూసే ద్రవాన్ని తయారుచేసేది. ఆ గోడల మీద జిగురు తయారుచేసే కణాలు ఉండవు. అవి పైనున్న పెద్ద గాలి గొట్టాల్లో ఉంటాయి. ఈ చివరి వాక్యం గుర్తుంచుకోండి.

ఈ క్యాన్సర్‌లో వాయుగోణుల గోడల మీద పొడుగాటి కణాలు వరసగా నిలబడి ఉంటాయి. ప్రతి కణం పైభాగం నిండా జిగురు. కేంద్రకం చిన్నది, అడుగున ఒక పక్కకు ఒదిగి ఉంటుంది. కేంద్రకాల సైజుల్లో తేడాలు పెద్దగా ఉండవు. కణ విభజనలు వెతికినా దొరకడం కష్టం. మామూలుగా క్యాన్సర్ కణం అనగానే మేం వెతికే వికారాలేవీ కనిపించవు. పైగా గోడ కూలదు. పందిరి మీద బీరతీగ పాకినట్టు ఈ కణాలు ఉన్న గోడనే ఆసరాగా చేసుకుని ఒక గది నుంచి ఇంకో గదికి పాకుతాయి, కింద పందిరి చెక్కుచెదరకుండా ఉంటుంది. ఈ తీరును లెపిడిక్ పెరుగుదల అంటాం. గదుల లోపలి ఖాళీ అంతా జిగురుతో నిండిపోతుంది. గాలి ఉండాల్సిన చోట జిగురు ఉంది కాబట్టే ఎక్స్‌రేలో తెల్లగా, నెమ్ములాగా కనబడుతుంది.

ఇంకో చిక్కుంది. ఈ కణాలు ఒకే ముద్దగా ఉండవు. నాలుగు గదులు జబ్బుతో ఉంటాయి, పక్కన పది గదులు శుభ్రంగా ఉంటాయి, ఆపైన మళ్లీ జబ్బు. సూది ఆ మధ్యలో పడితే మాకొచ్చే ముక్కలో జిగురు తప్ప ఏమీ ఉండదు. పీజీలకు ఒక మాట: కణాలు లేకుండా వాయుగోణుల నిండా జిగురు మాత్రమే కనిపిస్తే 'నెగెటివ్' అని రాసి వదిలేయొద్దు. బ్లాకును, అంటే ముక్కను పొదిగిన మైనపు దిమ్మను, ఇంకా లోతుకు కోయించండి. ఆ జిగురు ఎక్కడి నుంచో వచ్చింది. దాన్ని తయారుచేసిన కణం ఆ దరిదాపుల్లోనే ఉండాలి. జిగురు స్పష్టంగా తేలకపోతే పీఏఎస్ డయాస్టేజ్, మ్యూసీకార్మిన్ లాంటి పాత రంగులు ఇప్పటికీ పనికొస్తాయి, ఖర్చూ తక్కువే.

ఇక దీని చరిత్ర. 1876లో ఫ్రాన్స్‌లో మలాసే అనే శాస్త్రవేత్త రెండు ఊపిరితిత్తుల్లోనూ చెల్లాచెదురుగా గడ్డలున్న ఒక కేసును వర్ణించాడు. 1903లో మస్సర్ అనే వైద్యుడు నెమ్ములా పరుచుకున్న రూపాన్ని వర్ణించాడు. 1960లో లీబో అనే అమెరికన్ పాథాలజిస్టు వీటన్నింటికీ బ్రాంకియోలో అల్వియోలార్ కార్సినోమా అని పేరు పెట్టాడు. మా తరం చదువుకున్నది ఆ పేరే. పొట్టిగా బీఏసీ అనేవాళ్లం. సమస్య ఏమిటంటే, ఆ ఒక్క పేరు కింద చాలా జబ్బులు చేరిపోయాయి. ఆపరేషన్‌తో పూర్తిగా నయమైపోయే రెండు సెంటీమీటర్ల మచ్చా బీఏసీయే, రెండు ఊపిరితిత్తులనూ ముంచేసేదీ బీఏసీయే. ఒక ఊళ్లో రిపోర్టు చూసి 'ఏం భయం లేదు' అంటే, ఇంకో ఊళ్లో అదే పేరు చూసి 'ఇక కష్టం' అనేవాళ్లు. ఇద్దరి దగ్గరా పుస్తకం ఒకటే.

1995లో జపాన్‌లో నొగుచీ బృందం చిన్న గడ్డలను విడదీసి చూసింది. గోడల మీద పాకడం మాత్రమే చేసి లోపలికి చొచ్చుకుపోని వాటికి ఆపరేషన్ చేస్తే, ఐదేళ్ల తర్వాత పేషెంట్లందరూ బతికే ఉన్నారని తేల్చింది. ఆ తర్వాత జన్యు పరీక్షలొచ్చాయి. జిగురు లేని రకంలో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పులు ఎక్కువ, జిగురు రకంలో కేరాస్ జన్యువులో మార్పులు ఎక్కువ అని తెలిసింది. అంటే మూలంలోనే తేడా. 2011లో అంతర్జాతీయ సంఘాలు కలిసి బీఏసీ అన్న పేరును తీసేశాయి. మూడు సెంటీమీటర్లలోపు ఉండి అసలు చొచ్చుకుపోనిదాన్ని అడినోకార్సినోమా ఇన్ సైటు అన్నారు. ఐదు మిల్లీమీటర్లకు మించకుండా చొచ్చుకుపోయినదానికి వేరే పేరు. జిగురు కణాలతో పెద్దగా, చెల్లాచెదురుగా వచ్చేదాన్ని మాత్రం విడిగా తీసి, ఇవాళ మనం మాట్లాడుకుంటున్న పేరు పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015, 2021 వర్గీకరణల్లో ఇదే కొనసాగింది. ఇప్పటికీ కొన్ని రిపోర్టుల్లో బీఏసీ అని కనబడుతుంటుంది. నా ఉద్దేశంలో ఆ రిపోర్టును వెనక్కి పంపి మళ్లీ రాయించుకునే హక్కు ఫిజీషియన్‌కు ఉంది.

ఇది వ్యాపించే తీరు కూడా వేరు. మామూలు ఊపిరితిత్తుల క్యాన్సర్ లింఫు గ్రంథులకు, మెదడుకు, ఎముకలకు పోతుంది. ఇది ఎక్కువగా గాలి దారినే పోతుంది. జిగురులో ఊడిన కణాలు దగ్గుతో, ఊపిరితో ఇంకో భాగంలోకి, ఇంకో ఊపిరితిత్తిలోకి చేరి అక్కడ పాకడం మొదలుపెడతాయి. ఈ క్యాన్సర్ వల్ల రెండు ఊపిరితిత్తులూ చెడిపోయిన కొందరికి అమెరికాలో ఊపిరితిత్తుల మార్పిడి చేశారు. పాతవి రెండూ తీసేసి దాతవి పెట్టినా, కొందరికి ఆ కొత్త ఊపిరితిత్తుల్లోనే జబ్బు మళ్లీ వచ్చింది. పరీక్షిస్తే ఆ క్యాన్సర్ కణాలు దాతవి కావు, పేషెంటువే. 1999లో ఈ సంగతి ప్రచురించారు.

కొందరిలో గళ్ల విపరీతంగా పడుతుంది. నీళ్లలాగా, నురగలాగా, రోజుకు వంద మిల్లీలీటర్లకు మించి. కొద్దిమందిలో లీటరు దాకా కూడా పోతుంది. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గి నీరసించిపోతారు. ఈ లక్షణం అందరిలో ఉండదు, పదిమందిలో ఒకరికి కూడా ఉండకపోవచ్చు. కానీ ఒకసారి విన్న వైద్యుడు మరిచిపోడు. 'రాత్రికి గిన్నె నిండుతోంది డాక్టరుగారూ' అని ఎవరైనా అంటే ఆ గిన్నెను తెప్పించి చూడండి.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. ఇలాంటి జబ్బే గొర్రెలకు వస్తుంది. దానికి కారణం ఒక వైరస్ అని తేలింది. జబ్బు ముదిరిన గొర్రెను వెనక కాళ్లు పైకెత్తి పట్టుకుంటే ముక్కులోంచి నీళ్లు ధారగా కారతాయి. కాపరులకు అదే పరీక్ష. క్లోనింగ్ గొర్రె డాలీ మీ అందరికీ తెలుసు. 1996లో స్కాట్లాండ్‌లో పుట్టిన ఆ డాలీకి వచ్చింది ఈ వైరస్ క్యాన్సరే. 2003 ఫిబ్రవరి 14న దానికి నొప్పి లేని చావు ఇచ్చారు. అప్పటికి దానికి ఆరేళ్లు. క్లోనింగ్ వల్లే చచ్చిపోయిందని అప్పట్లో పత్రికలు రాశాయి గానీ, అదే మందలో మామూలు గొర్రెలకూ ఈ జబ్బు ఉంది. మనుషుల్లోనూ ఇలాంటి వైరస్ ఉందేమోనని చాలామంది వెతికారు. ఇప్పటిదాకా రుజువేమీ దొరకలేదు. దేశంలో అన్నిటికన్నా ఎక్కువ గొర్రెలున్న రాష్ట్రం తెలంగాణ కాబట్టి ముందే చెబుతున్నాను: గొర్రెల కాపరులెవరూ కంగారు పడక్కర్లేదు.

సరే, వరసలోకి వద్దాం. సీటీ స్కాన్‌లో ఏం చూడాలి? మచ్చ ఎక్కువగా కింది భాగాల్లో ఉంటుంది. టీబీ సాధారణంగా పైభాగాల్లో ఉంటుంది కదా అని వెంటనే తేల్చేయకండి. షుగరు ఉన్నవాళ్లలో టీబీ కింది భాగాల్లోనూ వస్తుంది. మన ఊళ్లలో షుగరు లేని ఇల్లు ఎక్కడుంది? తెల్లటి మచ్చ మధ్యలో గాలి గొట్టాలు నల్లగా కనబడతాయి. ఇది నెమ్ములోనూ ఉంటుంది, కానీ ఇందులో ఆ గొట్టాలు సాగినట్టు, నొక్కుకుపోయినట్టు ఉండొచ్చు. రంగు మందు ఎక్కించి తీసిన స్కాన్‌లో, జిగురు సాంద్రత తక్కువ కాబట్టి మచ్చ మధ్య రక్తనాళాలు తళతళా మెరుస్తూ కనబడతాయి. ఇది బలమైన ఆధారమే గానీ నిరూపణ కాదు. నెమ్ములో కూడా అలా కనబడిన కేసులున్నాయి. మచ్చ ఉన్న లోబు, అంటే ఊపిరితిత్తిలోని ఆ భాగం, ఉబ్బి పక్క లోబును తోయడం, మచ్చకు దూరంగా చిన్న చిన్న చుక్కలు ఉండటం నా అనుమానాన్ని పెంచుతాయి. పెట్ స్కాన్ మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. అది గ్లూకోజు ఎక్కువగా పీల్చుకునే చోట్లను వెలిగించి చూపిస్తుంది. ఈ జబ్బులో కణాలు తక్కువ, జిగురు ఎక్కువ. అందుకని గ్లూకోజు పీల్చుకోవడం కూడా తక్కువగా ఉండొచ్చు. 'పెట్‌లో వెలగలేదు, కాబట్టి క్యాన్సర్ కాదు' అన్న మాట ఈ జబ్బు దగ్గర చెల్లదు. వెలిగితే టీబీ కూడా వెలుగుతుంది, అది వేరే సంగతి.

ఎన్నాళ్లు ఆగాలి? మామూలు నెమ్ము ఎక్స్‌రేలో చాలామందికి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పోతుంది. వయసు మళ్లినవాళ్లకు, షుగరు ఉన్నవాళ్లకు ఇంకొంచెం పట్టొచ్చు. మనిషికి జ్వరం లేకుండా, తెల్లకణాలు పెరగకుండా, మచ్చ మాత్రం ఉంటే అంతకాలం కూడా ఆగక్కర్లేదు. ఈ మధ్యలో లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ రాసే అలవాటు ఒకటుంది. అది టీబీ క్రిమిని సగం అణచిపెట్టి పరీక్షలను తారుమారు చేస్తుంది. టీబీ కావచ్చు అనుకున్నచోట దాన్ని పక్కన పెట్టడం మంచిది.

ముక్క తీసేటప్పటి పొరపాట్లలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఒకటుంది. తీసిన ముక్కలన్నీ ఒకే సీసాలో, ముక్క చెడకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో వేసి పంపిస్తారు. ఫార్మలిన్‌లో పడ్డాక టీబీ కల్చర్, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్ష, రాదు. అప్పుడు నేను స్లైడు చూసి 'క్యాన్సర్ కనిపించలేదు' అంటే టీబీ అవునా కాదా అన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది, మళ్లీ సూది గుచ్చాలి. సీసాలు రెండు పెట్టుకోండి. ఒకదాంట్లో ఫార్మలిన్, ముక్కలు బాగా మునిగేలా, ముక్క పరిమాణానికి పది రెట్లు. రెండోదాంట్లో మామూలు సెలైన్, అది నేరుగా కల్చర్‌కు, సీబీనాట్‌కు. బ్రాంకోస్కోపీలో, అంటే గాలి గొట్టంలోకి కెమెరా గొట్టం పంపి చూసేటప్పుడు, కడిగిన ద్రవాన్ని కూడా రెండుగా పంచి పంపొచ్చు. ఆ ద్రవంలో ఈ క్యాన్సర్ కణాలు దొరుకుతాయి గానీ, చూడ్డానికి మరీ బుద్ధిగా ఉంటాయి. గాలి గొట్టాల్లో మామూలుగా ఉండే జిగురు కణాలే అనుకునే ప్రమాదం ఉంది. ద్రవం నెగెటివ్ వస్తే ఆగిపోకండి. మచ్చ అంచుకు దగ్గరగా ఉంటే సీటీ సాయంతో ట్రూకట్ సూదితో తీసిన ముక్క నాకు ఎక్కువ ఇష్టం.

ఆపరేషన్ థియేటరు నుంచి వచ్చే ఫ్రోజెన్ సెక్షన్ గురించి కూడా చెప్పాలి. సర్జన్ బల్ల దగ్గర ఎదురుచూస్తుంటాడు, ఇరవై నిమిషాల్లో జవాబు కావాలి. గడ్డకట్టించిన ముక్కలో జిగురు చెదిరిపోతుంది, కణాల వరస చెల్లాచెదురవుతుంది. అసలే బుద్ధిగా కనిపించే కణాలు ఇంకా బుద్ధిగా కనిపిస్తాయి. 'ఇప్పుడు చెప్పలేను, పారఫిన్ బ్లాకులో చూసి చెబుతా' అనడం చేతకానితనం కాదు.

పీజీలూ, ఇప్పుడు మీ వంతు. స్లైడులో జిగురు కణాలు కనబడ్డాయి. మొదటి ప్రశ్న, ఇది అసలు క్యాన్సరేనా? పాత వాపు తర్వాత చిన్న గాలి గొట్టాల లైనింగు పక్కనున్న వాయుగోణుల మీదికి పాకొచ్చు, అది మంచిదే. బ్రాంకియోలార్ అడినోమా అనే మంచి గడ్డ కూడా జిగురు కారుస్తుంది. 2021 వర్గీకరణలో దానికి సొంత స్థానం దొరికింది. దాన్ని పట్టించేవి రెండు. కణాల మీద సన్నటి వెంట్రుకల్లాంటి సీలియా, అడుగున పీ40 రంగు పట్టే బేసల్ కణాల వరస. ఈ వరస అడుగంతా తెగకుండా ఉంటే తొందరపడి క్యాన్సర్ అనకండి. మన క్యాన్సర్‌లో అది ఉండదు.

రెండో ప్రశ్న ఇంకా కష్టం. క్యాన్సరే, కానీ ఊపిరితిత్తిదేనా? క్లోమం నుంచి, పెద్దపేగు నుంచి, అండాశయం నుంచి వచ్చిన జిగురు క్యాన్సర్ కూడా ఊపిరితిత్తిలో గోడల మీద పాకి అచ్చం ఇలాగే కనబడగలదు. మీరందరూ ఊపిరితిత్తి అనగానే టీటీఎఫ్-1 అనే మార్కర్ వేయిస్తారు. మామూలు ఊపిరితిత్తి అడినోకార్సినోమాల్లో ఎక్కువ భాగం దానికి పాజిటివ్. ఈ రకంలో తిరగబడుతుంది, ఎక్కువ కేసుల్లో నెగెటివ్. న్యాప్సిన్ కూడా అంతే. సీకే7 పాజిటివ్ వస్తుంది. దాంతోపాటు సీకే20 కూడా చాలాసార్లు వస్తుంది. సీడీఎక్స్2 కొన్నిసార్లు వస్తుంది. హెచ్ఎన్ఎఫ్4 ఆల్ఫా పాజిటివ్. ఈ వరస మొత్తం క్లోమం క్యాన్సర్‌కు కూడా అతుకుతుంది. కాబట్టి 'టీటీఎఫ్-1 నెగెటివ్, ఊపిరితిత్తిది కాదు' అని రాయడం ఈ జబ్బు దగ్గర పెద్ద తప్పు. పేషెంటును లేని పేగు క్యాన్సర్ కోసం ఊళ్లు తిప్పుతారు. 'సీకే7 పాజిటివ్, ఊపిరితిత్తిదే' అనడం కూడా అంతే తప్పు.

ఎస్ఏటీబీ2 గట్టిగా పట్టితే పెద్దపేగు వైపు చూడాలి. స్మాడ్4 పూర్తిగా పోయి ఉంటే క్లోమం మీద అనుమానం పెరుగుతుంది. క్లోమం క్యాన్సర్లలో సుమారు సగంలో అది పోతుంది. అంటే ఉన్నంత మాత్రాన క్లోమం కాదని కాదు. నిజానికి ఈ ప్రశ్నకు జవాబు నా బల్ల మీద దొరకదు. పొట్ట సీటీ తీయించాలి, అవసరమైతే కొలనోస్కోపీ చేయాలి, పాత ఆపరేషన్లేమైనా జరిగాయా అని ఇంట్లోవాళ్లను అడగాలి. పదేళ్ల కిందట 'గర్భసంచి గడ్డ' తీశారని ఆవిడ కూతురు చెప్పే ఒక్క మాట నా పది మార్కర్లకన్నా ఎక్కువ పనిచేయొచ్చు. ఆ గడ్డ నిజానికి అండాశయానిదై ఉండొచ్చు. అందుకని రిపోర్టులో నేను 'జిగురు అడినోకార్సినోమా, లెపిడిక్ తీరు. ఊపిరితిత్తిలో పుట్టినదే అయ్యుండొచ్చు, ఇంకో చోట లేదని స్కాన్‌తో నిర్ధారించుకోవాలి' అని రాస్తాను. ఫిజీషియన్లు కొందరికి ఇది తప్పించుకునే వాక్యంలా అనిపిస్తుంది. కానీ అది మీకు నేను అప్పజెప్పే పని.

ఇంకో మాట. మార్కర్ల మీద మార్కర్లు వేయిస్తూ పోతే బ్లాకులో ముక్క అయిపోతుంది. ఆపైన జన్యు పరీక్షకు ఏమీ మిగలదు. ఇప్పుడు ఆ పరీక్ష చాలా ముఖ్యం. మన దగ్గర అలవాటుగా ముందు ఈజీఎఫ్ఆర్ ఒక్కటే అడుగుతారు, నెగెటివ్ రాగానే ఆపేస్తారు. ఈ రకంలో ఈజీఎఫ్ఆర్ మార్పు అరుదు, నెగెటివ్ రావడమే మామూలు. సగానికి పైగా కేసుల్లో ఉండేది కేరాస్ మార్పు. అందులోనూ జీ12డీ, జీ12వీ ఎక్కువ. 2021లో అమెరికాలో అనుమతి వచ్చిన సోటోరాసిబ్ అనే మందు పనిచేసేది జీ12సీ మీద. అది ఇక్కడ తక్కువ. అందుకని 'కేరాస్ పాజిటివ్' అని రాస్తే చాలదు, ఏ మార్పో రాయాలి.

కేరాస్ లేనివాటిలో వెతకాల్సింది ఎన్ఆర్‌జీ1 అతుకు. అంటే ఎన్ఆర్‌జీ1 జన్యువు తెగి ఇంకో జన్యువుకు, తరచుగా సీడీ74కు అతుక్కోవడం. 2014లో ఈ రకం క్యాన్సర్‌లోనే దీన్ని మొదట గుర్తించారు. మొత్తం ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఇది నూటికి ఒకటి కూడా ఉండదు, కానీ ఉన్నవి ఈ జిగురు రకంలోనే పోగుపడతాయి. ఆ జన్యువు మధ్య ఖాళీ భాగాలు చాలా పొడుగు. అందుకే డీఎన్ఏ పరీక్షకు అది దొరక్కపోవచ్చు, ఆర్ఎన్ఏ పరీక్ష అడగాలి. దీనికోసం తయారైన జెనోకుటుజుమాబ్‌కు 2024 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ మందు ధర తలుచుకుంటే ఈ హాల్లో చాలామందికి నవ్వొస్తుంది, నాకూ వస్తుంది. అయినా పరీక్ష చేయించమనే అంటాను. మార్పు తెలిసి ఉంటే మందు పరిశోధనల్లో చేరే దారైనా ఉంటుంది.

పిల్లల వైద్యులెవరైనా ఉంటే ఒక్క విషయం. పుట్టుకతో ఊపిరితిత్తిలో వచ్చే తిత్తుల్లో, సీపామ్ అంటాం, మొదటి రకంలో కొన్నిచోట్ల ఇలాంటి జిగురు కణాల గుంపులుంటాయి. వాటిలో కూడా కేరాస్ మార్పు దొరుకుతుంది. అలాంటి తిత్తిని తీయకుండా వదిలేసినవాళ్లలో యుక్తవయసులో ఈ క్యాన్సర్ వచ్చిన కేసులు ప్రచురితమయ్యాయి. కాబట్టి ఇరవై ఏళ్ల కుర్రాడి స్లైడులో ఈ కణాలు కనబడితే 'ఈ వయసులో రాదు' అనుకోకుండా పాత ఎక్స్‌రేలు అడగండి.

దశల గురించి త్వరగా చెప్పేస్తాను. ఒకే లోబులో ఉంటే ఒక మాట, అదే పక్క ఇంకో లోబులో కూడా ఉంటే టీ4, అంటే గడ్డ లెక్కలో పై మెట్టు, రెండో పక్కకు పోతే ఎం1ఏ, అంటే వ్యాపించిన దశ. ఒక్క గడ్డగా ఉన్నప్పుడు దొరికితే ఆపరేషన్‌తో మంచి ఫలితాలుంటాయి. నెమ్ములా పరుచుకున్నాక దొరికితే అవి బాగా తగ్గిపోతాయి. ఆ రెండింటి మధ్య కాలమే మన టీబీ మందుల కాలం. మొదట్లో నేను అడిగిన తేదీ ఇందుకే.

ఇక ఫారం సంగతి. అందులో నాకు కావలసినవి రాసుకోండి. మచ్చ ఎన్ని వారాలుగా ఉంది. ఏ యాంటీబయాటిక్‌లు వాడారు. టీబీ మందులు మొదలుపెట్టారా, ఎప్పుడు, క్రిమి దొరికే మొదలుపెట్టారా. గళ్ల ఎంత పడుతోంది. పొట్టలో, అండాశయంలో, పేగులో పాత జబ్బేమైనా ఉందా. సీటీలో రేడియాలజిస్టు ఏమన్నారు. రాయడానికి రెండు నిమిషాలు పడుతుంది. రాయలేకపోతే ఫోన్ నంబరు రాయండి, నేనే చేస్తాను. నా పక్క గదిలోనే రేడియాలజిస్టు ఉంటారు. ఆయనా నేనూ ఒకే తెర ముందు కూర్చుని స్కానూ స్లైడూ కలిపి చూసిన రోజున ఈ జబ్బు తప్పించుకోవడం కష్టమవుతుంది.

వెనక బల్ల మీద మైక్రోస్కోపు పెట్టించాను, మూడు స్లైడులున్నాయి. మొదటిది ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి. రెండోది బ్రాంకియోలార్ అడినోమా, దాని పక్కనే పీ40 స్లైడు కూడా ఉంది. మూడోది మన జబ్బు. డాక్టర్లు కానివాళ్లు కూడా వచ్చి చూడండి, తిప్పే చక్రం ఎలా పట్టుకోవాలో మా పీజీలు చూపిస్తారు. మూడో స్లైడులో నేనెక్కడా సిరా గుర్తు పెట్టలేదు. జబ్బు ఉన్న గదులేవో, లేని గదులేవో మీరే వెతకండి. ఈలోగా ప్రశ్నలుంటే అడగండి, ముందు వెనక వరసల నుంచి.